ఉట్టి ముడి కొసలు

మొన్న ఫోన్లో నువ్వడిగావు బిడ్డా, "అమ్మమ్మా, ఇంకెన్ని రోజులు ఉట్లు అమ్మెటందుకు డుమస్ పోతవ్? చేతులు నొస్తున్నయ్ అంటవ్, మళ్ళ ఆదివారం రాంగనే సంచి కట్టుకుంటవ్. బంద్ చెయ్యరాదు?" అని. నీ వెనక నుంచి తమ్ముడు కూడా, "అలసిపోయిన అని తాతకు చెప్పు. నువ్వు చెప్తే ఇంటడు," అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. తాత పక్కనే కూర్చుని నా పెదవుల వంకే చూస్తున్నాడు. ఆయన చెవులు ఏనాడో పోయాయి కానీ ఆయన ముందు ఒక మాట దాచుకోవడం చాలా కష్టం. ఇవాళ గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాడు. అక్కడ జనం ఉంటారు, తొందరగా రాడు. అందుకని ఇప్పుడు చెబుతున్నాను. ఆయన చూస్తుండగా ఆయన సంగతి చెప్పడం నాకు బాగుండదు.

తాత సాంచాల మీద పనిచేశాడని మీకు తెలుసు. సాంచా అంటే మరమగ్గమని సిరిసిల్ల పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. పెళ్ళయి సూరత్ వచ్చిన కొత్తలో నేను టిఫిను పట్టుకుని షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి, "ఇగో, అన్నం" అనేదాన్ని. నా గొంతు నాకే వినపడేది కాదు. లోపల ఎవరూ అరిచేవాళ్ళు కాదు. అరిచి లాభం లేదు కనుక పెదవులు కదిలించి, వేళ్ళు చూపించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. నా గొంతు చిన్నదని మీ అమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. పెద్దగా మాట్లాడే అవసరం నాకెప్పుడూ పడలేదు. ఆయనకు వినపడటం తగ్గిన కొద్దీ చూపు పదునెక్కింది. అంతే తేడా.

తర్వాత సేఠ్ మా లింబాయత్ షెడ్డు అమ్మేసి ఊరవతల కిమ్ దగ్గర కొత్త మిషన్లు పెట్టాడు. పడుచువాళ్ళను టెంపోలో తీసుకెళ్ళేవాడు. తాతను రమ్మనలేదు. అయినా తాత రోజూ డ్యూటీ వేళకు స్నానం చేసి, చొక్కా వేసుకుని, గల్లీ చివర టెంపో ఆగే చోటికి వెళ్ళి నిలబడేవాడు. టెంపో వచ్చేది. పిల్లలు ఎక్కుతూ, "రాం రాం దాదా" అనేవాళ్ళు. టెంపో వెళ్ళిపోయేది. తాత ఇంకాస్త సేపు అక్కడే ఉండి ఇంటికి వచ్చేవాడు. ఎక్కడికి పోయావని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. నాకు నీళ్ళ పంపు దగ్గరి నుంచి అంతా కనపడేది.

ఆ రోజుల్లో నేను చీరలకు టిక్కీలు, అంటే మెరిసే బిళ్ళలు, అతికించేదాన్ని. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి చీరల కట్టలు తెచ్చి మా గల్లీ ఆడవాళ్ళకు పంచే గుజరాతీ ఆవిడ ఒకామె ఉంది. ఇక్కడ ఆడవాళ్ళను బెన్ అని పిలుస్తారు, మనం అక్కా అన్నట్టు. ఒకరోజు ఆ బెన్ చీరలు లెక్క చూసుకోవడానికి వచ్చి, వంటింట్లో నేను కట్టుకున్న ఉట్టి చూసింది. సాంచా మీద బట్ట అయిపోయాక చివర కొన్ని పోగులు మిగులుతాయి కదా, వాటిని తాత తెచ్చేవాడు. ఆ పోగులతోనే అల్లాను.

"మాసీ, యే క్యా లటకాయా హై?"

నేను నా హిందీలో చెప్పాను, ఇది పిల్లికి అందకుండా పెరుగు గిన్నె పెట్టుకునేదని. ఆమె కింద నుంచి మీదికి చూసి, తనకూ ఒకటి చేసిపెట్టమంది. బాల్కనీలో మనీ ప్లాంట్ పెట్టుకుంటుందట.

తాతకు చెబితే నమ్మలేదు. "ఉట్ల చెట్టు పెడ్తరా? చెట్టును పిల్లి తింటదా?" అన్నాడు.

"పెట్టుకోనీయ్. మనకేంది?"

"మనకేం లేదు. చెట్టు పెట్టెటోళ్ళకు దిమాక్ ఉండాలె గద."

అలా అన్నవాడే మర్నాడు పొద్దున తాడు పేనడానికి నాకంటే ముందు గల్లీలో నిలబడ్డాడు.

తాడు పేనడానికి ఇద్దరు కావాలి బిడ్డా. ఒక్కరి వల్ల కాదు. పోగుల కట్ట ఒక కొస ఆయన పట్టుకుంటాడు, ఇంకో కొస నేను పట్టుకుని గల్లీ పొడవునా నడిచి దూరంగా నిలబడతాను. ఇద్దరం చెరోవైపు పురి పెడతాం. బాగా బిగిశాక తాడును మధ్యకు మడిస్తే తనంతట తాను చుట్టుకుంటుంది. అంత దూరం నుంచి నా పెదవులు ఆయనకు కనపడవు. అందుకని తాడుతోనే మాట్లాడుకుంటాం. ఒకసారి గుంజితే ఆగమని. రెండుసార్లు గుంజితే దగ్గరికి రమ్మని. ఎవరైనా బండి మీద వస్తే తాడు కిందికి దించుతాం. పక్కింటి మన తెలుగోళ్ళ అబ్బాయి రోజూ అక్కడే బ్రేకు వేసి, "ఓ తాతా, రోడ్డుకు తాడు కట్టినవ్, టోలు గిట్ల తీస్కుంటున్నవా?" అనేవాడు. తాత ఆ పెదవులు చదివి, "నీ అసొంటోని కాడ డబల్," అనేవాడు.

ఆకారం వచ్చే ముడులన్నీ నేను వేస్తాను. గల్లీ పొడవెంతో తాడు పొడవు అంతే కనుక ఒక్కో ఉట్టికి మధ్యలో అతుకులు పడతాయి. ఆ అతుకు ముడులు మాత్రం తాతవి. షెడ్డులో పోగు తెగితే సాంచా ఆపి రెండు కొసలు కలిపి కట్టే ముడి అది. కన్ను మూసి తెరిచేలోపు పడిపోతుంది. వేయగానే కొసలు రెండూ ముడి అంచు దాకా కత్తిరించేస్తాడు. కొస మిగిలితే బట్టలో కనపడుతుంది, కనపడితే డ్యామేజ్ అంటారు, పీసు వాపస్ వస్తుంది. తాత పీసు వాపస్ వచ్చిందని ఏ సేఠ్ దగ్గరా నేను వినలేదు. చొక్కా జేబులో చిన్న కత్తెర ఎప్పుడూ ఉండేది. షెడ్డు పోయినా కత్తెర పోలేదు.

బెన్ బాల్కనీ చూసి ఆ బిల్డింగులో ఇంకొకరు అడిగారు, ఇంకొకరు అడిగారు. తర్వాత ఆదివారాలు సముద్రపొడ్డున ఉన్న డుమస్ వెళ్ళడం మొదలుపెట్టాం. రెండు బస్సులు మారాలి. సంచి బరువుండదు కానీ ఉబ్బుగా ఉంటుంది, కండక్టరు ప్రతివారం దాన్ని మనిషిలాగానే చూస్తాడు. సముద్రం దగ్గర టమాటా భజియా వేసే ఆయన తన బండి పక్క వెదురుకు ఉట్లు వేలాడదీసుకోనిస్తాడు. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది, గాలికి లేచి తాళ్ళలో దూరుతుంది. ఇంటికి వచ్చి ఒక్కో ఉట్టి దులపాలి. నా పిలుపు ఎవరికీ వినపడదు, అందుకని తాతే కేకేసేవాడు, "ఉట్టీ, ఉట్టీ" అని. ఎవరికీ అర్థమయ్యేది కాదు. భజియా ఆయన, "కాకా, హ్యాంగింగ్ బోలో," అని నేర్పాడు. ఇప్పుడు తాత సముద్రానికి పోటీగా హ్యాంగింగ్, హ్యాంగింగ్ అని అరుస్తాడు. చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళు కొంటారు, ముంబై నుంచి వచ్చినవాళ్ళు కొంటారు. ఒకసారి హైదరాబాద్ వాళ్ళు వచ్చారు. "అరె, ఇది ఉట్టి గదా. మా నానమ్మ ఇంట్ల ఉండె," అని ఎంతో సంబరపడి, ఫోటోలు తీసుకుని, అందరికంటే గట్టిగా బేరమాడారు.

"మనోళ్ళం గద పెద్దమ్మా, జర తగ్గించు."

"మనోళ్ళయితె జర ఎక్కువ ఇయ్యాలె బిడ్డా," అన్నాను. కొనకుండానే నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఇంతవరకు మీకు కొంత తెలిసినదే. తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను.

మొదట్లో మాకు నూలు పోగులు దొరికేవి. నూలు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. తర్వాత దొరికేవన్నీ పాలిస్టరు. మెరుస్తాయి, కొనేవాళ్ళకు మెరుపు నచ్చింది, మేమూ వాటితోనే చేశాం. పాలిస్టరుకు జారుడు గుణం ఉంటుంది. ఇద్దరం పోగుల మధ్యే పుట్టి పెరిగినవాళ్ళం, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఉట్టి అతుకు దగ్గర ఆ ఆలోచనే రాలేదు. సాంచా మీద ఆ ముడి మోసేది ఒక్క పోగును. ఉట్టిలో అది మట్టి కుండను, మట్టిని, నీళ్ళను మోయాలి.

పోయిన వానాకాలం బెన్ మా ఇంటికి వచ్చింది. చేతిలో చీరల కట్ట లేదు. కొంగులో చుట్టి తెచ్చిన మెరిసే ఉట్టిని నా ఒడిలో పెట్టింది. అంతకు ముందు సంవత్సరం మా దగ్గర కొన్నదే. తాత పాల ప్యాకెట్ కోసం వెళ్ళాడు.

"మాసీ, బా అభీ అభీ వహాఁ సే ఉఠీ థీ," అంది.

బా అంటే వాళ్ళ అత్తగారు. పెద్దావిడ. రోజూ ఆ ఉట్టి కింద కుర్చీ వేసుకుని కూరగాయలు ఒలుచుకుంటుంది. తలుపు కొట్టారని లేచి నాలుగడుగులు వేసిందట, వెనక కుండ పడింది. కుర్చీ చెయ్యి విరిగింది. బెన్ కోప్పడలేదు. కోప్పడితే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేను తాడంతా తడిమి చూశాను. నా ముడులన్నీ ఉన్నాయి. అతుకు దగ్గర విడిపోయింది. రెండు కొసలూ నున్నగా, శుభ్రంగా, కత్తెరతో కోసినట్టే ఉన్నాయి.

"కాకా కో మత్ బోలనా," అని, తాతకు చెప్పొద్దని బతిమాలాను. ఆమె నా మొహం చూసి తలూపింది.

ఆ రోజు నుంచి నేను తాత వెనక పనిచేయడం మొదలుపెట్టాను. అతుకులు నేనే వేస్తానన్నాను, చేతులు అలవాటు కావాలని సాకు చెప్పాను. రెండు చుట్లు తిప్పి, కొసలు వేలెడంత వదిలి గట్టి ముడి వేశాను. ఆయన ఆ ఉట్టి చేతిలోకి తీసుకుని మొహం చిట్లించాడు.

"ఇదేం ముడే? కంతి లెక్కుంది."

"ఉండనీయ్."

"ఎట్ల ఉండనిస్త? చూసెటోళ్ళు నవ్వరా?" అని విప్పి, తన ముడి వేసి, కొసలు కోసేశాడు.

శనివారాలు ఆయన మంగలి దగ్గరికి వెళ్ళినప్పుడు సంచిలో కట్టిపెట్టినవన్నీ మళ్ళీ విప్పి, అతుకులు మార్చి, అలాగే సర్దిపెట్టేదాన్ని. డుమస్‌లో వెదురుకు వేలాడదీసేటప్పుడు ఆయన కంటికి ఆ కొసలు కనపడేవి. జేబులోంచి కత్తెర తీసి అక్కడికక్కడే కోసేవాడు. కత్తెర దాచాను. పళ్ళతో కొరికాడు. పళ్ళు లేని పక్కకు తిప్పుకోకుండా, ఉన్న పక్కకు సరిగ్గా పెట్టుకుని కొరికేవాడు. నేను ఆయన అటు తిరిగినప్పుడు ఆ ఉట్టిని తీసి సంచి అడుగున పెట్టేదాన్ని. ఇంటికి తెచ్చి మళ్ళీ ముడి మార్చేదాన్ని. మణికట్టు వాచింది. మీరు ఫోన్లో చూసి అడిగిన వాపు అదే. డుమస్ ప్రయాణం వల్ల కాదు. ఒక్కో ముడిని రెండు మూడుసార్లు వేయడం వల్ల.

మీరు చెప్పమన్న మాట కూడా చెప్పి చూశాను. ఒకరోజు అన్నం తిన్నాక ఆయన ఎదురుగా కూర్చుని, "నాకు చేతనైతలేదు. ఇగ బంద్ చేద్దాం," అన్నాను. ఆయన నా మొహం చూశాడు.

"అలసినవా?"

"అలసిన."

"సరే. బంద్."

అంతే. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నేను ఆ పగలంతా పడుకున్నాను, హాయిగా ఉంది. మర్నాడు నీళ్ళు పడుతుంటే గల్లీ చివర తాత కనపడ్డాడు. స్నానం చేసి, చొక్కా వేసుకుని, టెంపో ఆగే చోట నిలబడి ఉన్నాడు. ఇప్పుడా టెంపోలో ఆయనకు తెలిసిన పిల్లలు కూడా లేరు, రాం రాం చెప్పేవాళ్ళు లేరు. అది వెళ్ళిపోయాక కూడా రోడ్డు వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాతి రోజూ వెళ్ళాడు. వారం తిరగకముందే నేనే పోగుల కట్ట తీసుకుని గల్లీలోకి వెళ్ళి, ఒక కొస ఆయన చేతిలో పెట్టాను.

కాబట్టి ఆపితే ఆయన అక్కడ నిలబడతాడు. ఆపకపోతే ఎవరి తల మీదో కుండ పడుతుంది. నేను మధ్యలో ఉండి ముడులు మార్చుకుంటూ పోతే నా చెయ్యి ఎంతకాలం ఉంటుంది? మిగిలింది ఆయనకు చెప్పడమే. ఇన్నేళ్ళు వంక లేని పని చేసిన మనిషికి, నీ పని వల్ల ఒక పెద్దావిడ కుర్చీ విరిగిందని చెప్పాలి. అందులోనూ ఆయనకు ఇష్టం లేని మాటైతే మొహం పక్కకు తిప్పేసుకుంటాడు. ఇక నేనెంత చెప్పినా లాభం లేదు. అందుకే నోటితో చెప్పకూడదనుకున్నాను.

దీపావళికి ముందు ఒక పొద్దున్నే, మీ అమ్మకు ఊయల కట్టిన కొక్కెం ఉంది చూడు, దానికి ఒక మెరిసే ఉట్టి తగిలించాను. తాత చేత్తో అతికినది, కొసలు కోసినది. అందులో బకెట్ పెట్టి నీళ్ళు పోశాను. తాతను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాను.

"ఏంది?"

"చూడు."

"ఏం చూడాలె?"

"చూడుమంటున్న గద."

చూశాడు. నేనూ చూశాను. ఉట్టి బాగానే ఆగింది. ఎంతసేపైనా ఏమీ కాలేదు. నాకు ఒకవైపు సిగ్గేసింది, ఇంకోవైపు, పడకపోతే బాగుండునని కూడా అనిపించింది.

"బకెట్‌కు పూజ చేస్తున్నవా ఏందే?" అని ఆయన లేవబోయాడు.

నేను భుజం పట్టి కూర్చోబెట్టి, చెంబుతో అతుకు మీద నీళ్ళు పోసి, గాలికి ఊగినట్టు బకెట్‌ను మెల్లగా ఊపాను. అప్పుడు కనపడింది. ముడి అంచున ఉన్న కొస కొంచెం లోపలికి పోయింది. ఇంకొంచెం పోయింది. మేమిద్దరం ఒకచోటే చూస్తున్నాం. బకెట్ పడి నీళ్ళు వాకిలి దాకా వెళ్ళాయి.

తాత వంగి తాడు తీసుకున్నాడు. ఆ కొసను వేలితో రుద్ది చూశాడు.

"ఎవలింట్ల?" అన్నాడు.

ఆయనకు వేరే వివరం చెప్పక్కర్లేకపోయింది. "బెన్ ఇంట్ల. వానలల్ల. బా అప్పుడే లేచి పక్కకు పోయింది, ఏం కాలే. కుర్చీ విరిగింది."

"వానలల్లనా? ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలే?"

 ఆయన మొహం తిప్పుకోలేదు. "నా పీసు ఒక్కటన్న వాపస్ వచ్చిందా ఇన్నేండ్లల్ల?" అన్నాడు. చెవులు లేనివాళ్ళకు తమ గొంతు ఎంతుందో తెలియదు కదా, ఆ మాట గల్లీ అంతా వినపడింది. పక్కింటామె తలుపులోంచి తొంగిచూసి, "ఏమైందక్కా?" అంది. బకెట్ పడ్డదని చెప్పాను. తాత బట్ట తీసుకుని నేల తుడవడం మొదలుపెట్టాడు. నేను తుడుస్తానంటే ఇవ్వలేదు. తుడుస్తూనే అడిగాడు, "డుమస్‌ల అమ్మినయ్ ఎక్కడెక్కడ పోయినయో ఎర్కేనా?"

ఎరుక లేదు. నాకు కునుకు పట్టనివ్వని సంగతీ అదే. వానాకాలం నుంచి నేను మార్చినవి సరే. అంతకు ముందువి ఎవరి బాల్కనీల్లో, ఎవరి తలల మీద వేలాడుతున్నాయో ఎవరు చెప్పగలరు?

ఆ సాయంత్రమే ఆయన ఒక ఉట్టి తయారుచేశాడు. అతుకు ముడి గట్టిగా, లావుగా వేసి, కొసలు జానెడు వదిలాడు. పూర్తయ్యాక దాన్ని చూసి చూసి, ఇంత చెడ్డ పని ఎన్నడూ చేయలేదన్నట్టు గోడవైపు తిప్పి పెట్టాడు. మర్నాడు బెన్ ఇంటికి వెళ్ళాం. బెన్ వద్దు వద్దంటున్నా తానే కొక్కేనికి తగిలించి, ముందు రెండు చేతులతో పట్టుకుని వేలాడాడు.

"కాకా, రెహనే దో, హుక్ నికల్ జాయేగా," అని, కొక్కెం ఊడొస్తుందని బెన్ పరుగెత్తుకొచ్చింది.

తర్వాత కుండ పెట్టి నిండా నీళ్ళు పోశాడు. బా లోపలి నుంచి మెల్లగా వచ్చి ఉట్టిని, తాతను చూసి గుజరాతీలో అడిగింది, ఇప్పుడు పడదు కదా అని.  తాత కింద చాప వేయమని సైగ చేసి, సరిగ్గా ఆ కుండ కింద కూర్చున్నాడు. బెన్ చాయ్ తెచ్చింది. నీళ్ళు ఆయన భుజం మీద చుక్కచుక్కగా పడుతున్నాయి. చాయ్ అయిపోయేదాకా కదలలేదు. బా కూడా కుర్చీ తెప్పించుకుంది కానీ కొంచెం దూరంగా వేయించుకుంది. ఎవరు తప్పు పడతారు?

ఇప్పుడు అన్నీ బాగున్నాయని అనుకోకు బిడ్డా. తాత ప్రతి ఉట్టినీ కొక్కేనికి కట్టి, నీళ్ళ బకెట్ పెట్టి, ఒక పూటంతా వదిలేస్తాడు. వంటింట్లోకి వెళ్ళేటప్పుడు నా తల ఎన్నిసార్లు తగిలిందో. ముందు చేసినదాంట్లో సగం కూడా చేయలేకపోతున్నాం. డుమస్‌లో హ్యాంగింగ్ అని అరవడం తగ్గించాడు. ముందు కొన్న మొహాల కోసం చూస్తాడు. ఎవరైనా తెలిసినట్టు కనపడితే వెంటపడి, మెరిసే ఉట్టి కొన్నారా, తెండి, ముడి మార్చి ఇస్తానంటాడు. ఒకరిద్దరు తెచ్చారు. చాలామంది నవ్వి వెళ్ళిపోయారు. ఒకాయన భయపడి జేబు పట్టుకున్నాడు. తాత ఒట్టి చేతులతో వచ్చి కూర్చుంటాడు.

పోయిన ఆదివారం సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. నేను చాలా నీరసంగా ఉన్నాను. బస్సులో సీటు దొరకలేదు. ఎండ తగ్గాక ముంబై నుంచి వచ్చిన ఆడపిల్లల గుంపు ఒకటి మా వెదురు దగ్గర ఆగింది. అందులో ఒక పిల్ల ఉట్లన్నీ చూసి తెల్లది ఎంచుకుంది. బేరం కూడా ఆడలేదు. ఆ రోజుకు అదే మొదటి బేరం. తాడు పట్టుకుని తిప్పి చూస్తే అతుకు కొసలు కనపడ్డాయి.

"కాకా, యే ధాగా కాట్ దో నా. సాఫ్ దిఖేగా."

తాత ఆమె పెదవులు చూశాడు. చెయ్యి చొక్కా జేబు దాకా, నేను తిరిగి ఇచ్చేసిన కత్తెర దాకా వెళ్ళింది. నేను కూర్చున్నచోటి నుంచే చూస్తున్నాను, లేచి వెళ్ళే ఓపిక లేదు. అవసరమైతే ఆ పిల్ల అటు తిరిగినప్పుడు మార్చుదామా అని పాత ఆలోచన కూడా వచ్చింది.

"నహీ బేటీ," అన్నాడు తాత. "కాటేంగే తో గిరేగా." కోస్తే పడుతుందని.

ఆ పిల్ల నవ్వింది. అందులో కుండ పెట్టను, గోడకు అందం కోసం వేలాడదీస్తాను, కోసేయండి అంది. కొస లేకపోతే ఇంకా బాగుంటుంది కదా అని స్నేహితురాలు కూడా వత్తాసు పలికింది. నిజానికి వాళ్ళు చెప్పింది సబబే. గోడ మీద ఉంటే అది ఎవరి తల మీదా పడదు.

తాత తల అడ్డంగా ఊపాడు. నువ్వు పెట్టవు, నీ ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరో పెడతారు అని తన సాంచాల హిందీలో గట్టిగా చెప్పాడు. పక్క బండి దగ్గరివాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా. ఆ పిల్లకు కోపం వచ్చిందో, సిగ్గేసిందో, ఉట్టిని వెదురు మీద వేసేసి స్నేహితుల వెంట వెళ్ళిపోయింది. భజియా ఆయన కళాయి మీంచి తల ఎత్తి, "క్యా కాకా, గ్రాహక్ భగా దియా?" అన్నాడు, వచ్చిన బేరాన్ని తరిమేశావా అని.

తాత ఆ తెల్ల ఉట్టిని మళ్ళీ తగిలించి, కొసలు బయటికి కనపడేలా సరిచేసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏమే, కోపమా?"

"కోపం కాదు. కాళ్ళు గుంజుతున్నయ్."

"అయితె పోదాం పా."

"ఇప్పుడేనా? జనం ఇగ వస్తరు గద."

"రానీయ్."

తానే ఉట్లన్నీ దించి, ఇసుక దులిపి, సంచిలో పెట్టాడు. నన్ను ఒక్కదానికీ చెయ్యి వేయనివ్వలేదు. బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. సంచి ఒడిలో పెట్టుకుని ఆయన అప్పుడే కళ్ళు మూశాడు. దిగే చోటు దాటిపోకూడదు కదా, నేను మెలకువగా కూర్చున్నాను.